దసరా సెలవుల్లో ఫ్లైట్ సిమ్ బిగించే ముందు

బెజవాడలో ఈ సెలవులకి ఫ్లైట్ సిమ్ (కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట) కోసం ఇంట్లోనే కాక్‌పిట్ పెట్టేవాళ్లు ఇవి చూసుకోండి.

పరికరాల ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ యూపీఎస్ మీదో, ఫుల్ ఛార్జింగ్ ఉన్న ల్యాప్‌టాప్‌లోనో చేయండి. వానలింకా పోలేదు, మధ్యలో కరెంటు పోతే వేలు పోసి కొన్న యోక్ (విమానం స్టీరింగ్) మళ్లీ ఆన్ కాకపోవచ్చు.

యోక్‌ని బిగించే క్లాంప్ గాజు టేబుల్‌కి వద్దు, పగలొచ్చు.

పెడల్స్ కింద రబ్బరు మ్యాట్. మార్బుల్ మీద జారతాయి.

అన్నీ కలిపి సొంత పవర్ అడాప్టర్ లేని ఒకే యూఎస్‌బీ హబ్‌కి పెట్టొద్దు, ఎగురుతుండగా డిస్‌కనెక్ట్ అవుతాయి. విండోస్‌లో యూఎస్‌బీ పవర్ సేవింగ్ కూడా ఆపేయండి.

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ చాలా పరికరాలకి తనే కంట్రోల్స్ కేటాయించేస్తుంది, జాయ్‌స్టిక్‌ని మెలితిప్పే ట్విస్టూ, పెడల్సూ రెండూ రడ్డర్‌ని (విమానం ముక్కుని పక్కలకి తిప్పేది) లాగుతుంటే గన్నవరం రన్‌వే మీంచి గడ్డిలోకి పోయి, తప్పు మన కాళ్లదే అనుకుంటాం. సెట్టింగ్స్‌లో ట్విస్ట్‌కి ఇచ్చిన రడ్డర్ తీసేయండి.