పొడవాటి బండికి రెండు రకాల ఇంజన్లు – మూడో పాఠం: గాలి గొట్టం దగ్గర

గత పాఠంలో ఇంజన్ మీద అక్షరాలు చదవడం నేర్చుకున్నాం. డబ్ల్యూ బ్రాడ్‌గేజి, డీ డీజిల్, ఏ ఏసీ విద్యుత్తు, పీ ప్రయాణికుల బండి, ఎం అంటే ఏ బండికైనా పనికివచ్చేది.

ఇప్పుడు గుంతకల్లు జంక్షన్‌లో నిలబడ్డామనుకోండి. ముందు డబ్ల్యూఏపీ-7, దాని వెనక డబ్ల్యూడీఎం-3ఏ ఉన్న బండి వచ్చింది. మొదటిది ఆరు వేల పైచిలుకు హార్స్‌పవర్, రెండోది 3,100. వెంటనే కూడిక వేయకండి. నా మొదటి నోటుపుస్తకం ఆ కూడికలతోనే పాడయింది.

రెండింటిలోనూ చక్రాలను తిప్పేవి విద్యుత్ మోటార్లే. ఒకటి పైనున్న 25,000 వోల్టుల తీగ నుంచి కరెంటు తీసుకుంటుంది, రెండోది నూనె కాల్చి తానే తయారు చేసుకుంటుంది. కాలువ కింది మడికీ బోరు కింది మడికీ ఉన్నంత తేడా. పైరు ఒకటే, నీళ్ళ దారి వేరు.

ఒకే తరహా డీజిళ్ళు రెండింటిని కేబుల్‌తో జతచేస్తే ఒక లోకో పైలట్ రెండింటినీ నడపగలడు. డీజిల్‌నూ విద్యుత్ ఇంజన్‌నూ మామూలుగా అలా జతచేయడం కుదరదు. రెండూ లాగాలంటే రెండింటిలోనూ పైలట్లు ఉండాలి. కాబట్టి వెనకున్నది ఎక్కువసార్లు ఆపేసిన ఇంజనే. డబ్ల్యూడీఎం-3ఏ బరువు 112.8 టన్నులు. పెట్టెలన్నీ కలిపి 1,200 టన్నులనుకుంటే, లాగే బరువు తొమ్మిది శాతానికి పైగా పెరిగింది. సాయం కాదు, సామాను.

మరి ఈ కలగలుపు ఎందుకు? తీగ అంతటా లేనందువల్ల. డోన్, కర్నూలు మీదుగా మహబూబ్‌నగర్ వెళ్ళే దారిలో కొన్నేళ్ళ కిందటి దాకా తీగలు లేవు. అలాంటి చోట తీగ ముగిసిన జంక్షన్‌లో ఇంజన్ మార్చాలి, లేదా తీగ కిందా డీజిల్‌నే నడపాలి. మొదటిదానికి సమయం ఖర్చు, రెండోదానికి నూనె ఖర్చు. తీగ కింద డీజిల్‌ను చూసి నవ్వే వాళ్ళు ఆ సమయం లెక్క మరచిపోతారు.

మార్పు జరిగేటప్పుడు మీ చూపు కొక్కెం మీద కాదు, గొట్టాల మీద ఉండాలి. రెండు గొట్టాలు కలుపుతారు. బ్రేకు పైపులో గాలి చదరపు సెంటీమీటరుకు 5 కేజీల పీడనానికి, బ్రేకుల గాలి ట్యాంకులను నింపే ఫీడ్ పైపులో 6 కేజీలకు ఎక్కాలి. ఆ తర్వాత పైలట్ బ్రేకు వేస్తాడు, అంటే బ్రేకు పైపులో గాలి తగ్గిస్తాడు. బండి చివర గార్డు పెట్టెలోని గేజ్ ముల్లు కిందికి దిగితేనే గాలి దారి తెగలేదని రూఢి. ఈ పరీక్ష అయ్యేదాకా ఏ ఇంజన్ తగిలించినా బండి కదలదు.

ఇంకొకటి లోపల కూర్చున్నవారికే తెలుస్తుంది. కొన్ని ఎల్‌హెచ్‌బీ (జర్మన్ నమూనా కొత్త తరహా పెట్టెల) బండ్లలో దీపాలకూ ఏసీకీ కరెంటు విద్యుత్ ఇంజనే ఇస్తుంది. దాన్ని విప్పి, ఆ ఏర్పాటు లేని డీజిల్ తగిలిస్తే, బండి చివరి జనరేటర్ పెట్టె అందుకోవాలి.

అభ్యాసం: ఈసారి రెండు ఇంజన్ల బండి కనిపిస్తే ఫొటో తర్వాత తీయండి. మొదట వెనక ఇంజన్ పొగగొట్టం చూసి, చెవి ఒగ్గి, అందులో పైలట్ ఉన్నాడా అని గమనించి, అది లాగుతోందో, లాక్కుపోబడుతోందో రాసుకోండి. నాలుగో పాఠం ఆ నోటుతోనే మొదలవుతుంది.