జలుబు చేసిన పసిబిడ్డ ఊపిరి లెక్కపెట్టడం ఎలా

పసివాళ్ల జలుబులన్నీ దాదాపు వైరస్‌ల వల్ల వచ్చేవే. వాటిలో ఎక్కువమందిని ఆసుపత్రి పాలు చేసేది ఆర్‌ఎస్‌వీ (రెస్పిరేటరీ సిన్సిషియల్ వైరస్). రెండేళ్లు నిండేలోపు ఇది సోకని బిడ్డ దాదాపు ఉండదు. 2019లో ప్రపంచమంతటా ఐదేళ్లలోపు పిల్లల్లో 36 లక్షల మంది దీనివల్ల ఆసుపత్రిలో చేరారని, సుమారు లక్షమంది చనిపోయారని అంచనా. ఆ మరణాల్లో నూటికి 97 మనలాంటి దేశాల్లోనివే. సూటిగా వైరస్‌ని చంపే మందు ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. ఊపిరి కష్టమవుతోందని వేళకు కనిపెట్టడం మాత్రం ప్రతి ఇంట్లోనూ సాధ్యం.

ముందు రోజుల లెక్క తెలుసుకోండి. మొదటి రెండు రోజులు ముక్కు కారడం, కొంచెం జ్వరం. మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య దగ్గు, ఆయాసం ముదురుతాయి. రెండో రోజు డాక్టరు ‘ఫరవాలేదు’ అన్న మాట నాలుగో రోజుకు చెల్లదు. ఆ మధ్య రోజుల్లో పొద్దున, సాయంత్రం, పడుకునే ముందు ఊపిరి లెక్కపెట్టండి.

బిడ్డ నిద్రలో గానీ, ఒళ్లో నెమ్మదిగా గానీ ఉన్నప్పుడే చూడాలి. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్క తప్పుతుంది. ఒళ్లు కాలుతున్నా ఊపిరి వేగం పెరుగుతుంది, జ్వరం తగ్గాక మళ్లీ చూడండి. జుబ్బా బొడ్డు పైదాకా ఎత్తి, లైటు వేసి, పొట్ట మీద కన్నుంచండి. పొట్ట ఒకసారి లేస్తే ఒకటి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి నిండా 60 సెకన్లు లెక్కించాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడం పసివాళ్ల విషయంలో పనికిరాదు. వాళ్ల ఊపిరి కాసేపు గబగబా, కాసేపు నిదానంగా సాగుతుంది. ఎక్కువ వస్తే ఐదు నిమిషాలాగి మరోసారి చూడండి.

రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. రెండోసారి కూడా ఈ అంకెను అందుకున్నా, దాటినా అదే రోజు డాక్టరుకు చూపించాలి.

అంకెతో పాటు డొక్కలు చూడండి. ఊపిరి పీల్చేటప్పుడు పొట్ట లేవాలి, పక్కటెముకల కింది భాగం లోపలికి పోకూడదు. పోతోందంటే మన ఇళ్లలో ‘డొక్కలెగరేస్తున్నాడు’ అనేది అదే. ఇలా డొక్కలెగరేయడం, ముక్కుపుటాలు ఎగరడం, ప్రతి ఊపిరికీ మూలగడం, పెదవులు నీలిబారడం, లేపినా సరిగా లేవకపోవడం, మధ్యమధ్య ఊపిరి ఆగడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఊపిరి లెక్కతో పని లేదు, 108కి ఫోన్ చేయండి. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు, గుండె జబ్బున్నవాళ్లకు, మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే కూడా ఆగొద్దు. పెద్దవాళ్ల వేలికి పెట్టే ఆక్సీమీటరు పసివేలికి సరిగా పట్టదు, అది చూపే అంకెతో ధైర్యం తెచ్చుకోకండి.

ఇక ఇంట్లో చేయగలిగింది. చిన్నబిడ్డ ప్రధానంగా ముక్కుతోనే గాలి పీలుస్తుంది, ముక్కు మూసుకుంటే పాలు మానేస్తుంది. పాలకు ఐదు నిమిషాల ముందు ఒక్కో ముక్కులో రెండు చుక్కల సెలైన్ వేయండి. సీసా మీద సోడియం క్లోరైడ్ అని ఉండాలి. ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ సీసాలు చూడ్డానికి అలాగే ఉంటాయి, అవి పసివాళ్లకు వద్దు. పాలు కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు ఇవ్వండి. మామూలుగా తాగేదాంట్లో సగం కూడా తాగకపోయినా, ఎనిమిది గంటలుగా ఉచ్చ పోయకపోయినా ఆసుపత్రికే.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ బరువును బట్టి: కిలోకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు సార్లకు మించకుండా. ఎనిమిది కిలోల బిడ్డకు 120 మిల్లీగ్రాములు. అంటే 5 మి.లీ.లో 120 ఉన్న సిరప్ అయితే 5 మి.లీ., 250 ఉన్నదైతే 2.4 మి.లీ., ఒక మి.లీ.లో 100 ఉండే డ్రాప్స్ అయితే 1.2 మి.లీ. ప్రమాదమంతా ఇక్కడే ఉంది: డ్రాప్స్‌ని సిరప్ అనుకుని 5 మి.లీ. పోస్తే 500 మిల్లీగ్రాములు, నాలుగింతల మందు. మూడు నెలల లోపు బిడ్డకు డాక్టరు చెప్పకుండా ఇవ్వకండి.

దగ్గు సిరప్ అడగొద్దు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని 2023లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థే చెప్పింది. 2025లో మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గుమందు తాగి పిల్లలు చనిపోయారు. ఏడాది దాటిన బిడ్డకు పడుకునేముందు అర చెంచా తేనె చాలు. ఏడాది లోపు తేనె నాకించకూడదు. వైరస్‌ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పోయినసారి మిగిలిన సీసా మళ్లీ తీయకండి.

పొగ సంగతి మన ప్రాంతంలో గట్టిగా చెప్పాల్సిందే. స్నానం చేయించి సాంబ్రాణి పట్టడం, దిష్టి తీసి ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేయడం, రాత్రంతా దోమల కాయిల్, ఇవన్నీ వాచిన సన్నటి గాలిగొట్టాలను ఇంకా రేపుతాయి. ఆయాసం తగ్గేదాకా మానండి, దోమతెర కట్టండి. ముక్కులో నూనె వేస్తే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. కర్పూరం నోట్లోకి పోతే ఫిట్స్ వస్తాయి. ఆవిరి గిన్నె తిరగబడితే ఒళ్లు కాలుతుంది.

బారసాలకు వచ్చినవాళ్లు బిడ్డను ముద్దుపెట్టుకోబోతే అడ్డుచెప్పండి, మొహమాటపడకండి. ఎత్తుకునేముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగమనండి. దసరా రోజుల్లో మూడు నెలల లోపు బిడ్డను ఇంద్రకీలాద్రి క్యూలోకి తీసుకెళ్లొద్దు. ఆరు, పద్నాలుగు వారాల్లో, తొమ్మిదో నెలలో వేసే పీసీవీ టీకా ఆర్‌ఎస్‌వీని ఆపదు కానీ, న్యుమోకాకస్ బ్యాక్టీరియాతో వచ్చే న్యుమోనియా నుంచి కాపాడుతుంది.

బయల్దేరేముందు బిడ్డ ఊపిరి తీస్తున్న తీరును, డొక్కలు కనిపించేలా అర నిమిషం వీడియో తీసుకోండి. ఏ మందు ఎన్ని మి.లీ. ఎన్ని గంటలకు ఇచ్చారో కాగితం మీద రాసుకుని సీసాలతో సహా పట్టుకెళ్లండి. దారిలో బిడ్డను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకోండి, ఆయాసపడుతుంటే పాలు పట్టకండి.