అమెరికా వెళ్తున్న మన నెల్లూరు, ప్రకాశం పిల్లలకు: తెలిసిన మాటలతోనే జాగ్రత్త

జులైలో కావలి వెళ్లినప్పుడు మా వీధిలో ఇద్దరు పిల్లలు ఆగస్టు చదువులకు అమెరికా ప్రయాణంలో ఉన్నారు. ఆవకాయ, కారప్పొడి ఎంత బరువు తూగుతాయో నాలుగుసార్లు చూసుకున్నారు గాని, మాటల సంగతి ఆలోచించినట్టు లేదు. "చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు మీడియమే కదా అక్కా" అన్నాడు పెద్దవాడు. నేనూ అదే ధైర్యంతో వెళ్లాను. పెద్ద మాటలు నన్ను ఇబ్బంది పెట్టలేదు. తెలియకపోతే నిఘంటువు ఉండనే ఉంది. బాగా తెలుసనుకున్న చిన్న మాటల దగ్గరే తడబడ్డాను. ఆ రోజు అరుగు మీద కూర్చుని వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం, బంధువులు తెచ్చిన నెల్లూరు మలై కాజాల డబ్బా ఆఫీసుకు తీసుకెళ్లాను. పక్క బల్ల దగ్గర కూర్చునే పెద్దావిడ ముందు డబ్బా తెరిచి పట్టుకుంటే నవ్వుతూ 'ఐ యామ్ గుడ్' అంది. తాను క్షేమమని చెబుతోందనుకున్నాను. కాగితపు పళ్లెంలో ఒక కాజా పెట్టి, పాకం కారకుండా కింద రెండు కాగితాలు మడిచి, ఆవిడ బల్ల మీద ఉంచాను. ఆవిడ కాసేపు దాని వంక చూసి, తనకు చక్కెర వ్యాధి ఉందని మెల్లగా చెప్పింది. ముందు ఆవిడ అన్న 'ఐ యామ్ గుడ్'కు అర్థం 'నాకు వద్దు' అని. మన ఇళ్లలో వద్దన్నా ఇంకో ముద్ద వడ్డించడం మర్యాద. అక్కడ ఒకసారి వద్దంటే వద్దనే. అందుకే ఎవరైనా భోజనానికి పిలిచినప్పుడు మొహమాటపడి వద్దనకండి. రెండోసారి అడగరు, మీరు ఆకలితో ఇంటికి వస్తారు.

పలకరింపు గురించి దిగులు వద్దు. 'హౌ ఆర్ యూ' అన్నవాళ్లు మీ జ్వరం సంగతి వినడానికి ఆగరు. మన వీధిలో ఎదురుపడినవాళ్లు "ఎక్కడికి బయలుదేరావు?" అంటే ఊరి పేరు, బస్సు టైము చెప్పం కదా, ఇదీ అంతే. బాగున్నానని చెప్పి, మీరెలా ఉన్నారని తిరిగి అడిగితే సరిపోతుంది. 'వాట్స్ అప్' అంటే 'నాట్ మచ్' అనండి.

అసలు చిక్కు మన దేశపు ఇంగ్లీషుతో వస్తుంది. తరగతిలో లేచి 'డౌట్' ఉందంటే, మీరు చెప్పేది నాకు నమ్మకంగా లేదని ఆచార్యుడికి వినిపించవచ్చు. 'క్వశ్చన్' ఉందనండి. ఆయన 'షూట్' అంటే కంగారుపడకండి, అడగమని అర్థం. ఇంజనీరింగ్ ఫలానా సంవత్సరంలో 'పాస్డ్ ఔట్' అని మనం రాసుకుంటాం. వాళ్లకు అది స్పృహ తప్పి పడిపోవడం. 'గ్రాడ్యుయేటెడ్' అని రాయండి. పెన్సిలు గీత చెరపడానికి 'రబ్బర్' అడగకండి, అక్కడ ఆ మాటకు నిరోధ్ అని అర్థం. 'ఇరేజర్' అనాలి. ముందుకు జరపడానికి మనం వాడే 'ప్రీపోన్' అక్కడ చాలామందికి తెలియదు. మీటింగులో ఒక విషయాన్ని 'టేబుల్' చేద్దామంటే మనం చర్చకు పెడతారనుకుంటాం, వాళ్లు మాత్రం వాయిదా వేస్తారు. ఈ ఒక్క మాట వల్ల ఇరుపక్షాలూ తలోదారి పట్టడం నేను కళ్లారా చూశాను.

ఊరు దాటితే పేరు మారడం మనకు కొత్త కాదు. మన ఒంగోలు జాతి పశువులు సముద్రం దాటి బ్రెజిల్ చేరాక అక్కడ 'నెలోర్' అయ్యాయి. అలాగే నెల్లూరులో, ఒంగోలులో ట్రంకు రోడ్డు ఊరి నడిబొడ్డు, అమ్మమ్మకు ట్రంకు పెట్టె. అమెరికాలో ట్రంక్ అంటే కారు డిక్కీ. సామాను ట్రంక్‌లో పెట్టమని టాక్సీ డ్రైవరు అంటే పెట్టె కోసం వెతకకండి. బానెట్ వాళ్లకు హుడ్, పెట్రోలు గ్యాస్. బంకు అనే మాట పనికిరాదు, గ్యాస్ స్టేషన్ అని అడగాలి. అద్దెకు తీసుకునేటప్పుడు ఫస్ట్ ఫ్లోర్ అంటే నేల మీది అంతస్తే. తేదీలో నెల ముందు వస్తుంది. 04/08 అని ఉంటే ఏప్రిల్ 8, ఆగస్టు 4 కాదు. అద్దె గడువుకూ పరీక్షకూ ఇది మరీ ముఖ్యం.

డబ్బులో బక్ అంటే డాలరు, గ్రాండ్ అంటే వెయ్యి. నాణేల్లో క్వార్టర్ 25 సెంట్లు, నికెల్ 5, డైమ్ 10. డైమ్ చూడటానికి నికెల్ కన్నా చిన్నది, విలువ రెట్టింపు.

మనకు క్రికెట్ ఎలాగో వాళ్లకు బేస్‌బాల్ అలాగ. అందులోని మాటలు ఆఫీసంతా తిరుగుతాయి. వాన వల్ల ఆట ఆగితే మరో రోజు చూడటానికి ఇచ్చే చీటీ 'రెయిన్ చెక్'. మీరు కాఫీకి పిలిచినప్పుడు ఎవరైనా ఆ మాట అంటే, ఇవాళ వీలుకాదు, ఇంకోసారి కలుద్దామని. 'బాల్‌పార్క్' అంకె అడిగితే ఉజ్జాయింపుగా చెప్పండి, లెక్క కట్టనక్కర్లేదు. 'పాట్‌లక్' అంటే అందరూ తలో వంటకం తెచ్చే విందు, ఖాళీ చేతులతో వెళ్లకండి. ఒక గిన్నెడు పులిహోర చేసుకెళ్లండి.

కుర్రకారు మాటలు వినడానికి ఒకటి, భావం ఒకటి. 'సిక్' అంటే అద్భుతం, 'కిల్డ్ ఇట్' అంటే గొప్పగా చేశావని. అర్థం తెలిస్తే చాలు, వెంటనే వాడాలని తొందరపడకండి. 'బాంబ్' అనే మాటను మెచ్చుకోలుగా వాడేవాళ్లు ఉన్నారు. విమానాశ్రయంలో మాత్రం సరదాకైనా ఆ మాట ఎత్తకండి. విచారణకు దారితీస్తుంది, ప్రయాణం ఆగిపోవచ్చు.

అర్థం కానప్పుడు మళ్లీ చెప్పమని అడగండి. ఎవరూ తప్పుపట్టరు. మనకు తల పక్కలకు వంచుతూ అటూ ఇటూ ఊపే అలవాటు ఉంది. అది అవునో కాదో వాళ్లకు తెలియదు. డాక్టరు దగ్గర, ఇంటి ఒప్పందం దగ్గర, పోలీసు ఆపినప్పుడు నోటితోనే అవుననో కాదనో చెప్పండి. చిన్న జ్వరానికి 'అర్జెంట్ కేర్' అనే క్లినిక్‌కు వెళ్లండి. 'ఎమర్జెన్సీ' ప్రాణం మీదికి వచ్చినప్పుడు, బిల్లు కూడా చాలా ఎక్కువ. ఛాతీలో నొప్పో, ప్రమాదమో అయితే ఏమీ ఆలోచించకుండా 911కు ఫోను చేయండి. ఇంగ్లీషు నోట రాకపోతే 'తెలుగు' అన్న ఒక్క మాట చెప్పి దుబాసీని అడగండి.