పాట రిలీజయ్యాక తలెత్తే సమస్యలు: కారణం ఎక్కడుంది, ఏం చేయాలి

లేబుల్ (మ్యూజిక్ కంపెనీ) లేకుండా సొంతంగా పాట విడుదల చేసేవాళ్లకు వచ్చే చిక్కుల్లో చాలావరకు పాటలో ఉండవు, అప్‌లోడ్ చేసేటప్పుడు నింపిన ఫారంలో ఉంటాయి. నెలల తరబడి పాటమీద పనిచేసినవాళ్లు కూడా ఆ ఫారాన్ని హడావిడిగా ముగించేస్తారు. అందుకే ఏ సమస్య వచ్చినా ముందు మీ డిస్ట్రిబ్యూటర్ (పాటను స్పాటిఫై లాంటి యాప్‌లకు చేర్చే సంస్థ) ఖాతా తెరిచి, అక్కడ మీరేం రాశారో చూడండి.

పాట వేరొకరి ఆర్టిస్ట్ పేజీలో కనిపిస్తోంది

మీ పేరుతోనే ఇంకో ఆర్టిస్ట్ ఉన్నారన్నమాట. పేరొక్కటే ఇస్తే పాట ఎవరి పేజీలోనైనా పడొచ్చు. డిస్ట్రిబ్యూటర్‌కు మీ అసలు పేజీ లింకు పంపి, పాటను అక్కడికి మార్చమనండి. మొదటి రిలీజైతే 'కొత్త ఆర్టిస్ట్' అని ఎంచుకోవాలి. పేరు స్పెల్లింగ్ ప్రతిసారీ ఒకేలా ఉండాలి, ఒక్క చుక్క తేడా వచ్చినా రెండో పేజీ పుట్టుకురావచ్చు.

సొంత పాటకే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది

అందరికీ ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. స్ట్రైక్ అంటే ఛానెల్ మీద పడే శిక్ష. 90 రోజుల్లో మూడు స్ట్రైక్‌లు పడితే ఛానెల్‌కే ముప్పు. క్లెయిమ్ వల్ల మామూలుగా ఆ వీడియో ఆదాయం మాత్రమే అవతలివాళ్లకు వెళ్తుంది. కాబట్టి కంగారుపడి వీడియో తీసేయకండి, క్లెయిమ్ చేసింది ఎవరో చూడండి.

అక్కడ మీ డిస్ట్రిబ్యూటర్ పేరే ఉంటే, అప్‌లోడ్ సమయంలో కంటెంట్ ఐడీకి (యూట్యూబ్ వీడియోల్లో వాడిన పాటలను తనంతట తానే గుర్తుపట్టే వ్యవస్థ) మీరే ఒప్పుకున్నారని అర్థం. మీ ఛానెల్‌ను మినహాయింపు జాబితాలో చేర్చమని వాళ్లకు రాస్తే సరిపోతుంది.

తెలియని పేరు ఉంటే బీట్ (పాట వెనకుండే రెడీమేడ్ సంగీతం) సంగతి చూడాలి. నాన్ ఎక్స్‌క్లూజివ్ (మీ ఒక్కరికే పరిమితం కాని) లైసెన్స్‌తో కొన్న బీట్‌ను వేరేవాళ్లు కూడా కొని ఉంటారు. వాళ్లలో ఒకరు తమ పాటను కంటెంట్ ఐడీలో పెడితే, అదే బీట్ ఉన్న మీ పాటా దొరికిపోతుంది. లైసెన్స్ వివరాలతో డిస్ప్యూట్ (క్లెయిమ్‌పై అభ్యంతరం) వేయండి. జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజుల గడువుంటుంది. బీట్ చేసినవారికి కూడా చెప్పండి, చాలాసార్లు వాళ్లే త్వరగా సర్దగలరు. అలాంటి బీట్‌తో, లేదా అందరికీ దొరికే లూప్‌లతో (మళ్లీ మళ్లీ వాడుకునే చిన్న సంగీత ముక్కలు) చేసిన పాటను మీరూ కంటెంట్ ఐడీలో పెట్టకూడదు. పెడితే మీకు జరిగిందే మరో ఆర్టిస్ట్‌కు మీ వల్ల జరుగుతుంది.

రిలీజ్ రోజున పాట ఎవరికీ చేరలేదు

తేదీ మరీ దగ్గరగా పెట్టుకుంటే ఇలాగే అవుతుంది. స్పాటిఫైలో ప్లేలిస్టులు తయారుచేసే ఎడిటర్లకు పాటను ప్రతిపాదించే వీలు విడుదలకు ముందే ఉంటుంది. కనీసం ఏడు రోజుల ముందు పంపితే మీ ఫాలోవర్ల రిలీజ్ రాడార్ (కొత్త పాటల ప్లేలిస్టు) లోకి మీరు ఎంచుకున్న పాటే వెళ్తుంది. బయటికి వచ్చేసిన పాటకు ఆ దారి మూసుకుపోయినట్టే. తర్వాతి పాటకు మూడు నాలుగు వారాల వ్యవధి పెట్టుకోండి. కవర్ ఆర్ట్ తిరస్కరణకు గురైనా సరిచేసుకునే టైమ్ మిగులుతుంది. బొమ్మ 3000 × 3000 పిక్సెల్‌ల చతురస్రంలో ఉండాలి, దానిమీద వెబ్ చిరునామాలు, ధరలు ఉండకూడదు.

మిగతా పాటల పక్కన మన పాట నీరసంగా వినిపిస్తోంది

శబ్దం పెంచడానికి లిమిటర్‌తో (శబ్దం ఒక స్థాయి దాటకుండా అదిమిపెట్టే టూల్) బాగా నొక్కేసి ఉంటారు. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటలన్నిటినీ దాదాపు -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే శబ్దాన్ని కొలిచే ప్రమాణం) స్థాయికి తెస్తుంది. నొక్కేసిన పాట సౌండ్ తగ్గిపోతుంది, పోయిన పంచ్ మాత్రం తిరిగిరాదు. లిమిటర్ తగ్గించి, ట్రూ పీక్ (శబ్దం చేరే అత్యధిక స్థాయి) -1 డీబీ దాటకుండా మళ్లీ మాస్టర్ (పాటకు చివరి మెరుగు) చేయించండి.

స్ట్రీమ్‌లు ఉన్నాయి, డబ్బు రాలేదు

లెక్కలు నెలల ఆలస్యంగా వస్తాయి కాబట్టి కొంత ఆగాలి. 30 సెకన్లు వింటేనే స్పాటిఫై దాన్ని స్ట్రీమ్‌గా లెక్కిస్తుంది. 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో 1,000 స్ట్రీమ్‌లు చేరని పాటకు అక్కడ రికార్డింగ్ రాయల్టీ లేదు. చిన్న ఆర్టిస్ట్‌లకు ఇది అన్యాయమనే నా అభిప్రాయం, కానీ నియమం అదే.

చాలామందికి తెలియకుండా పోయే డబ్బు మరొకటుంది. రికార్డింగ్ మీద ఒక హక్కు, సాహిత్యం, బాణీ మీద ఇంకో హక్కు ఉంటాయి. డిస్ట్రిబ్యూటర్ ఇచ్చేది సాధారణంగా మొదటిదాని డబ్బే. రెండోదాని కోసం రచయితలు, స్వరకర్తల తరఫున వసూలు చేసే సొసైటీలో చేరి, పాటను నమోదు చేయాలి. దానికి ముందే ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకుని, పాట చేసిన అందరూ సంతకాలు పెట్టండి.

డిస్ట్రిబ్యూటర్‌ను మార్చాక ప్లేల లెక్క సున్నాకి వచ్చింది

కొత్త ఐఎస్‌ఆర్‌సీ పడి ఉంటుంది. ఈ 12 అక్షరాల కోడే ఆ రికార్డింగ్‌కు గుర్తింపు. పాత ఖాతా నుంచి కోడ్ తీసుకుని, అదే ఆడియో, అవే వివరాలతో సరిచేయించండి. ఇంకా మారనివాళ్లైతే కొత్త చోట పాట లైవ్ అయ్యాకే పాతచోట తీసేయాలి.