బెంగళూరులో మెడికల్ కాలేజీ అడ్మిషన్ ఆఫీసుకి వెళ్లేముందు

నీట్ ఫలితాలు రాగానే బెంగళూరులో ఉన్న ప్రతి తెలుగింటికీ ఊళ్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "ఫలానా కాలేజీలో మీకెవరైనా తెలుసా? అడ్మిషన్ ఆఫీసరుతో ఒకసారి మాట్లాడిస్తారా?" అని. మాట్లాడటానికి తెలిసినవాళ్లు అక్కర్లేదు, ఫోన్ చేసి టైమడిగితే చాలామంది ఇస్తారు. కాకపోతే, వెళ్లేముందే ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. ఆయన చేతిలో సీటు ఉండదు.

కర్ణాటకలో ప్రైవేటు కాలేజీల ఎంబీబీఎస్ సీట్లు, మేనేజ్‌మెంట్, ఎన్నారై కోటాలతో సహా, రాష్ట్ర పరీక్షల సంస్థ కేఈఏ (కర్ణాటక ఎగ్జామినేషన్స్ అథారిటీ) నడిపే కౌన్సెలింగ్‌లోనే భర్తీ అవుతాయి. యూనివర్సిటీ హోదా ఉన్న డీమ్డ్ కాలేజీల సీట్లు ఢిల్లీలోని ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) చూస్తుంది. ర్యాంకు, మీరు పెట్టిన ఆప్షన్లు (ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అన్న వరుస), అంతే. చివర్లో మిగిలే సీట్లకు జరిగే స్ట్రే రౌండు కూడా ఇప్పుడు ఆన్‌లైనే. కాబట్టి "డీన్ గారితో చిన్న ఇంటర్వ్యూ ఉంటుంది, అది చూసుకుంటే సీటు మనదే" అని ఎవరన్నా అంటే అక్కడే లేచి నిలబడండి. ఎంబీబీఎస్‌కి ఇంటర్వ్యూ అంటే పుణెలోని ఏఎఫ్ఎంసీ లాంటి సైనిక వైద్య కళాశాల సంగతి వేరు, బెంగళూరు ప్రైవేటు కాలేజీల్లో అలాంటిది లేదు. నీట్‌లో క్వాలిఫై కాకపోయినా మేనేజ్‌మెంట్ కోటాలో ఇప్పిస్తామన్న మాట కూడా అబద్ధమే. ఏ కోటాకైనా క్వాలిఫై కావాల్సిందే.

మరి వెళ్లడం ఎందుకంటే, డబ్బు లెక్కలు తేల్చుకోవడానికి. వెబ్‌సైటులో ట్యూషన్ ఫీజు ఒక్కటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. హాస్టల్, మెస్, యూనివర్సిటీ ఫీజు, కాషన్ డిపాజిట్ (కోర్సయ్యాక తిరిగిచ్చే పూచీ సొమ్ము), పరీక్ష ఫీజు కలిపి మొదటి ఏడాది చేతి నుంచి ఎంత పోతుందో, రెండో ఏడాది ఎంత పెరుగుతుందో అడిగి అక్కడే కాగితం మీద రాసుకోండి. డీమ్డ్ కాలేజీల్లో ట్యూషన్ ఫీజే ఏడాదికి 20 లక్షలు దాటినవి ఉన్నాయి, అక్కడ పది శాతం పెంపు అన్నా చిన్న మాట కాదు. కోర్సు నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. ఫీజు నాలుగున్నరేళ్లకా, ఐదేళ్లకా అని సూటిగా అడగాలి. ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ నెలకెంత ఇస్తున్నారన్నదీ అడగండి. "ఇస్తాం" అనడం వేరు, ఇప్పుడు ఇంటర్న్‌షిప్ చేస్తున్న హౌస్ సర్జన్లకు ఎంత పడుతోందో చెప్పడం వేరు.

మొత్తం కోర్సు ఫీజు ఒకేసారి కట్టమంటే ఒప్పుకోనక్కర్లేదు. ఒక ఏడాదికి మించి ముందుగా వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు 2003లో ఇస్లామిక్ అకాడమీ కేసులో చెప్పింది. విద్యార్థి మధ్యలో వెళ్లిపోతాడన్న భయముంటే మహా అయితే బాండో, బ్యాంకు గ్యారంటీయో అడగొచ్చంది. ఆ బాండు నమూనా ముందే అడిగి తీసుకుని ఇంటికెళ్లి చదవండి. ఖాళీ స్టాంపు పేపరు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం మాత్రం ఎంత పెద్దాయన అడిగినా పెట్టొద్దు. డొనేషన్ వసూలు కర్ణాటకలో 1984 నుంచి చట్టరీత్యా నేరం. ఆ డబ్బుకు రసీదు ఇవ్వరు, కాబట్టి ఏదన్నా తేడా వస్తే దాన్ని తిరిగి అడగడానికి మీ దగ్గర ఆధారమే ఉండదు.

అమెరికాలో మేనత్త కొడుకు ఉన్నాడని ఎన్నారై కోటా మీద ఆశ పెట్టుకునేవాళ్లూ ఉంటారు. ఆ కోటా 15 శాతం మించకూడదని 2005లోనే తీర్పు ఉంది. దూరపు చుట్టాల దాకా దాన్ని విస్తరించాలని పంజాబ్ చేసిన ప్రయత్నాన్ని 2024లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. స్పాన్సరుగా, అంటే ఫీజు బాధ్యత తీసుకునే ఎన్నారై చుట్టంగా, ఎవరెవరు చెల్లుతారో ఆ ఏటి కేఈఏ బ్రోచర్‌లో చూశాకే చుట్టానికి ఫోన్ చేయండి.

బెంగళూరులోనే స్థిరపడిన తెలుగువాళ్లకు ఇంకో చిక్కు. మారతహళ్లిలో పదో తరగతి దాకా చదివించి, ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో వేసేస్తారు. ఇక కర్ణాటక ప్రభుత్వ సీటుకు అర్హత పోయినట్టేనని బెంగపడతారు. పోదు. ఒకటో తరగతి నుంచి పన్నెండు లోపు ఏడేళ్లు కర్ణాటకలో చదివి, పదో పన్నెండో ఏదో ఒకటి ఇక్కడ పాసైతే సరిపోతుంది. కానీ ఆ ఏడేళ్లకూ స్టడీ సర్టిఫికెట్ కావాలి, దాని మీద బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) కౌంటర్ సంతకం కావాలి. పిల్ల రెండు మూడు స్కూళ్లు మారి ఉంటే ఇదే పెద్ద తిరుగుడు. ఫలితాలొచ్చేదాకా ఆగకుండా మే నెలలోనే మొదలుపెట్టండి. ఆంధ్రా, తెలంగాణల్లో చదివి వచ్చేవాళ్లకు ప్రభుత్వ కోటా ఉండదు గానీ, ప్రైవేటు కాలేజీల్లో బయటి రాష్ట్రాలవాళ్లకు తెరిచి ఉంచిన సీట్లకు పోటీ పడొచ్చు.

ఇక కాగితాలు. మనవాళ్లకు ఎక్కువగా దెబ్బ పడేది ఇంటిపేరు దగ్గర. పదో తరగతి మెమోలో "వేంకట సాయి కృష్ణ" ముందు ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం, నీట్ ఫారంలో ఇంటిపేరు చివర్న. మన దగ్గర గుమాస్తా చూసీ చూడనట్టు పోనిస్తాడు, వేరే రాష్ట్రంలో అలా కుదరదు. మూడూ పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఉంటే ఒకే వ్యక్తి అని నోటరీ అఫిడవిట్ ముందే చేయించుకోండి. ఇంటర్ అయ్యాక ఏడాది ఆగి లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకున్న పిల్లలైతే, ఆ ఖాళీ ఏడాదికి గ్యాప్ అఫిడవిట్ కూడా. టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్, నీట్ ఫారానికి పెట్టిన ఫొటోవే ఇంకో పది కాపీలు. కలవడానికి వెళ్లేటప్పుడు జిరాక్సులు చాలు. ఒరిజినల్స్ సీటు అలాట్ అయ్యాక, కౌన్సెలింగ్ నిబంధనల్లో చెప్పిన చోటే ఇచ్చి, ఏమేం తీసుకున్నారో రాసిన రసీదు తీసుకోవాలి. కన్సల్టెన్సీవాళ్ల చేతికి వాటిని ఒక్క పూట కూడా ఇవ్వొద్దు. కౌన్సెలింగ్ లాగిన్, ఓటీపీ కూడా అంతే. ఆప్షన్లు మీకు తెలియకుండానే మారిపోతాయి.

గదిలోకి వెళ్లాక పిల్లని మాట్లాడనివ్వండి. చాలా ఇళ్లలో నాన్న ఇంగ్లీషులో తడబడుతూ మొత్తం తనే అడుగుతాడు, చదవబోయే మనిషి గోడ మీద క్యాలెండర్ చూస్తూ కూర్చుంటుంది. హాస్టల్, ర్యాగింగ్, పరీక్షల గురించి తను అడగాల్సినవి తనే అడగాలి. ఇంకోటి, బెంగళూరులో ఎదుటివాడికి తెలుగు రాదనుకోవడం కన్నా పెద్ద పొరపాటు లేదు. "ఎంతకి దిగుతాడో కదిపి చూడండి" అని భార్య భర్త చెవిలో అనడం, "కొంచెం కాఫీ తాగుతారామ్మా?" అని ఆఫీసరు తెలుగులో నవ్వడం, నేనుండగానే జరిగింది. రూరల్ సర్వీసు, అంటే చదువయ్యాక పల్లెటూరి ఆసుపత్రుల్లో పనిచేయడం, గురించి కూడా అడగడం మరవొద్దు. కర్ణాటకలో దానికి 2012 నాటి చట్టం ఉంది. మీరు చేరబోయే కోటాకు అది ఎలా వర్తిస్తుందో చెప్పించుకోండి.

పని అయ్యాక వెంటనే బస్సెక్కొద్దు. పక్కనే ఆసుపత్రి ఓపీ ఉంటుంది, సోమవారం ఉదయం పదింటికి అక్కడ గంటసేపు కూర్చోండి. చీటీల కౌంటర్ దగ్గర క్యూ ఉందా, వార్డుల్లో మంచాలు నిండి ఉన్నాయా, లేక దుప్పట్లు మడత నలగకుండా ఉన్నాయా చూడండి. రోగులు లేని చోట వైద్యం ఎలా నేర్చుకుంటారు? క్యాంటీన్లో హౌస్ సర్జన్ ఎవరైనా దొరికితే టీ ఇప్పించి అడగండి, ఆఫీసులో చెప్పని సంగతులు బయటికొస్తాయి.

ఆ సాయంత్రమే ఆఫీసరు చెప్పిన ఫీజు, పెంపు, రీఫండ్, బాండు వివరాలన్నీ ఆయనకే ఈమెయిల్ పెట్టి, "నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా?" అని అడగండి. ఔనని జవాబొస్తే దాచుకోండి. రెండుసార్లు అడిగినా రాకపోతే, ఆ కాలేజీని ఆప్షన్లలో కిందికి దించండి.