తొలి డర్ట్ బైకు కొనేముందు: గోదావరి డెల్టావారికి కొన్ని జాగ్రత్తలు

జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలాక డెల్టాలో నేల తీరే మారిపోతుంది. మే నెలలో దుమ్ము లేచిన పుంత, నెల తిరగకుండానే పిక్కల దాకా దిగబడుతుంది. దమ్ము ట్రాక్టర్లు ఇనుప చక్రాలతో ఒక చేను నుంచి మరో చేనుకు వెళ్లిన చోటల్లా గట్టు మీద లోతైన గాడులు పడతాయి. డర్ట్ బైకు కొనాలనే సరదా కూడా చాలామందికి సరిగ్గా ఈ రోజుల్లోనే పుడుతుంది. కొనవచ్చు, తప్పేమీ లేదు. అయితే వీడియోల్లో బండ్లు ఎగిరేది ఎండిన ఎర్రమట్టి కొండల మీద. మనకు ఉన్నది ఒండ్రు, ఇసుక, నీళ్లు. ఇక్కడ తొలి బండికి సీసీ ఎంత అని అడగడం కన్నా, బురదలో పడితే దాన్ని ఒక్కడినే లేపగలనా అని అడగడం మేలు.

హీరో ఎక్స్‌పల్స్ 200 బరువు సుమారు 160 కిలోలు. మన లెక్కలో రెండు ధాన్యం బస్తాలు, పైన పది కిలోలు. కావాసాకి కేఎల్ఎక్స్ 230 అయితే 139 కిలోలు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 తూగేది 196 కిలోలు. కాగితం మీద చూస్తే ఈ తేడాలు పెద్దవిగా అనిపించవు. చక్రం సగం దాకా కూరుకుపోయి సైలెన్సర్ బురదను తాకినప్పుడు ప్రతి పది కిలోలూ విడివిడిగా తెలుస్తాయి. హిమాలయన్ దూర ప్రయాణాలకు మంచి బండే. కొత్తగా నేర్చుకునేవారు దాన్ని లంకల్లోకి తీసుకెళతామంటే మాత్రం నేను వద్దనే అంటాను.

కొనేముందు ఒక పరీక్ష పెట్టుకోండి. అమ్మేవారి అనుమతితో, ఇంజిన్ ఆపి, కొబ్బరి తోటలో గడ్డి ఉన్న చోట బండిని మెల్లగా పక్కకు పడుకోబెట్టండి. కుడివైపు పడుకోబెడితే ముందే సైడ్ స్టాండ్ తీసి ఉంచండి, లేచిన బండి అవతలి పక్కకు పడిపోకుండా ఉంటుంది. గేరులో వేసి ఉంచితే చక్రం దొర్లదు. హ్యాండిల్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పి, సీటుకు వీపు ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్ గ్రిప్పు, రెండో చేత్తో వెనుక పట్టీ పట్టుకుని, మోకాళ్లు వంచి, కాళ్ల బలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ నెట్టాలి. నడుము వంచి చేతులతో లాగితే ఆ రోజుకు బండి లేస్తుంది, మర్నాడు మనిషి లేవడు. వెంటవెంటనే రెండుసార్లు లేపలేకపోతే ఆ బండి ఎంత నచ్చినా వదిలేయండి. బురద దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

బరువు తరువాత చూడవలసింది సీటు ఎత్తు. తేలికైన కేఎల్ఎక్స్ సీటు 880 మిల్లీమీటర్లు. మామూలు ఎక్స్‌పల్స్ 200 ది 825, దానిలోనే ప్రో రకానిది 891. ఐదున్నర అడుగుల మనిషి 880 మీద కూర్చుంటే మునివేళ్లే ఆనతాయి. గట్టి నేల మీద అది చాలు. గట్టు అంచున ఆగినప్పుడు మాత్రం చాలదు, ఎందుకంటే కాలు ఆనిన చోటు కూడా కిందికి జారుతుంది. తేలికదనం, పొట్టిదనం రెండూ ఒకే బండిలో దొరకడం కష్టం కాబట్టి ఏదో ఒకటి వదులుకోవాలి. పొడగరులకు కేఎల్ఎక్స్, మిగతావారికి మామూలు ఎక్స్‌పల్స్, అదీ సెకండ్‌హ్యాండ్‌లో మంచిది దొరికితే. తొలి ఏడాది బండి పడుతూనే ఉంటుంది. కొత్త బండి పడితే మనసు కూడా గీసుకుపోతుంది.

ముందు మడ్‌గార్డు సంగతి షోరూముల్లో ఎవరూ చెప్పరు. మామూలు బైకుల్లో అది టైరును అంటిపెట్టుకుని ఉంటుంది. తడి నల్లమట్టిలో కొంత దూరం వెళ్లేసరికి టైరుకు అంటిన మట్టి మడ్‌గార్డు కింద చేరి, పొరపొరలుగా గట్టిపడి, చివరకు చక్రాన్ని పట్టేస్తుంది. బండి నిలబడ్డ చోటే నిలబడిపోతుంది. పుల్లతో గీకి తీసినా పది గజాలకు మళ్లీ అదే కథ. డర్ట్ బైకులకు మడ్‌గార్డు ఎత్తుగా, టైరుకు జానెడు దూరంలో ఉండేది ఇందుకే. మీరు చూసే బండికి టైరు పైన ఎంత ఖాళీ ఉందో స్వయంగా చేయి పెట్టి చూడండి.

కాగితాల దగ్గర చాలామంది బోల్తా పడుతున్నారు. కావాసాకి కేఎక్స్ వంటి పోటీ బండ్లకు రిజిస్ట్రేషన్ ఉండదు. అవి మూసి ఉన్న ట్రాక్ మీద నడపడానికే. ఏటిగట్టు రోడ్డూ కాలువ గట్టు రోడ్డూ జనం తిరిగే దారులే, అక్కడ నంబరు లేని బండి నడిపితే చట్టవిరుద్ధం. పైగా అలాంటి బండిని ప్రతిసారీ టాటా ఏస్‌లో ఎక్కించి తీసుకెళ్లాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు బండి ఇస్తే తల్లిదండ్రుల మీద కేసు పెట్టవచ్చు, 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని మోటారు వాహనాల చట్టమే చెబుతోంది.

సెకండ్‌హ్యాండ్ బండి చూసేటప్పుడు డెల్టాలో అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది, అది వరదలో మునిగిందా లేదా అన్నది. పైపైన కడిగి పాలిష్ పెడితే కొత్త పెళ్లికొడుకులా మెరుస్తుంది. సీటు తీసి చూడండి. వైర్ల కనెక్టర్లు విప్పితే లోపల పచ్చటి చిలుము ఉందా? ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున సన్నటి ఒండ్రు పొర ఉందా? హెడ్‌లైటు అద్దం లోపల నీటి చార ఉందా? ఇంజిన్ ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే ఇక మాట్లాడవద్దు, తిరిగి వచ్చేయండి. అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగిన బండ్లకు ఉప్పుగాలి వల్ల స్పోకుల మొదళ్లలో తుప్పు పడుతుంది. ఒక్కో స్పోకును వేలితో మీటండి, మొద్దుగా పలికితే అది వదులైనట్టే. ముందు ఫోర్కుల దగ్గర నూనె కారుతోందా, ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ తిప్పితే ఎక్కడైనా గరగర తగులుతోందా అన్నవి మీకు తెలిసిన మెకానిక్ నిమిషంలో చెబుతాడు. అతణ్ణి వెంటబెట్టుకుని వెళ్లండి, అమ్మేవారి మెకానిక్‌ను నమ్మకండి. ఆర్‌సీ మీద ఉన్న ఛాసిస్ నంబరు బండి మీది నంబరుతో సరిపోవాలి. బండి పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యాకే డబ్బు చేతిలో పెట్టండి.

ఉన్న డబ్బంతా బండికే పోయకండి. ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్, గాగుల్స్, మోకాలి దాకా వచ్చే బూట్లు, మోకాలి కవచాలు, ఇవి కొనగా మిగిలిందే బండి ధర అనుకోండి. బండి పక్కకు పడినప్పుడు ముందు దెబ్బ తినేది చీలమండ. చెప్పులతో గట్ల మీద బండి నడిపేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. గట్ల గడ్డిలో రక్తపింజరి కూడా ఉంటుంది, బూటు దానికీ అడ్డమే.

ఇసుక తిన్నెల్లో టైర్లలో గాలి కొంత తగ్గిస్తే పట్టు దొరుకుతుంది. ట్యూబు టైరు అయితే మరీ దించవద్దు. టైరు రిమ్ము మీద జారి, వాల్వు మొదట్లో ట్యూబు తెగుతుంది. చేతిపంపు, విడి ట్యూబు లేకుండా లంకలోకి దిగవద్దు, అక్కడ పంక్చర్ దుకాణం ఉండదు.

ఇక ఎక్కడ నడపాలన్నది. రొయ్యల చెరువు గట్ల మీదికి వెళ్లవద్దు. చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ల కరెంటు తీగలు గట్టు పొడవునా గడ్డిలోనే పడి ఉంటాయి. వాటి మీద డర్ట్ బైకు గుబ్బల టైరు ఎక్కితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. వానకు నానిన గట్టుకు మీ చక్రం గాడి పెడితే నష్టపోయేది రైతు. కోరింగ అభయారణ్యం జోలికి అసలే పోవద్దు. జనవరి నుంచి మార్చి దాకా సముద్రపు ఇసుకలో తాబేళ్లు గుడ్లు పెడతాయి, అక్కడ చక్రం తిరగకూడదు.

వరద రోజుల్లో ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. లంకల్లో తిరిగేవారు వాటి కోసం కాచుకోవద్దు. కనకాయలంక వంటి చోట్ల కాజ్‌వే ముందే మునుగుతుంది. భద్రాచలం దగ్గర నీరు పెరుగుతోందని వార్త వింటే ఆ వారం లంక మాట మరచిపోండి, ఆ నీరు వచ్చేది ఇక్కడికే. కాజ్‌వే మీద పారే నీరు మోకాలి లోతే కనిపించినా కింద రోడ్డు కోతపడి ఉండవచ్చు. ఇంజిన్‌లోకి నీళ్లు పోయి ఆగిపోతే స్టార్టర్ నొక్కవద్దు. స్పార్క్ ప్లగ్ తీసి, నీళ్లు బయటికి పంపాకే మళ్లీ ప్రయత్నించాలి. లేకపోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఆ ఖర్చు పాత బండి ధరలో సగం దాకా వెళ్లవచ్చు.

సఖినేటిపల్లి, నరసాపురం మధ్య గోదావరి దాటించే పంటు ఎక్కేటప్పుడు మాత్రం బండి దిగి నడిపించండి. తడి రేకు మీద గుబ్బల టైరు సబ్బులా జారుతుంది. ఎక్కాక గేరులో పెట్టి, పక్కనే నిలబడి పట్టుకోండి.