మొక్కల చుట్టూ ఆకులు, పొట్టు పరిచే ముందు

తిరుపతి ఎండలకు పొద్దున పోసిన తడి సాయంత్రానికి ఉండదు. మల్చింగ్ చేస్తే, అంటే నేలను ఇలా కప్పితే, నిలుస్తుంది. అయితే ముందు ఇవి చూసుకోండి.

– నేల బాగా తడపండి. పొడినేలను కప్పేస్తే, తర్వాత పోసే కాసిన్ని నీళ్లు పై పొరే పీల్చుకుంటుంది. వేలు దించి చూడండి, లోపల చల్లగా తగలాలి.

– కలుపు వేళ్లతో సహా పీకేయండి. పూతకొచ్చిన వయ్యారిభామను మాత్రం పరిచే వాటిలో కలపొద్దు, గింజలు రాలి మళ్లీ మొలుస్తాయి.

– మన వైపు చెనక్కాయ పొట్టుకు కొదవలేదు, నా ఓటు దానికే. ఉప్పు వేసి వేయించిన కాయల పొట్టు, బూజు పట్టినది వద్దు. లాన్ కత్తిరించిన పచ్చిగడ్డి అయితే ఎండబెట్టాకే వేయాలి, లేకపోతే ముద్దకట్టి వేడెక్కుతుంది.

– అసలు టెన్షన్ చెదలతోనే. గోడ వారన, కాండం మీద సన్నని మట్టి చారలు కనిపిస్తే గోటితో గీకండి. లోపల తెల్లటి పురుగులు కదిలితే ఆ సంగతి తేల్చాకే పరచండి. ఏ మొక్కకైనా మొదలు చుట్టూ 2–3 అంగుళాలు ఖాళీ ఉండాలి. బెరడు ఎప్పుడూ తడిగా ఉంటే కుళ్లు కూడా పడుతుంది.

– మందం 2–3 అంగుళాలు చాలు.

– పాత ఆకుల కుప్పలో నేరుగా చెయ్యి పెట్టకండి, తేళ్లుంటాయి. కర్రతో కదిపి, గ్లవ్స్ వేసుకుని తీయండి. పిల్లలకు ఈ పని చెప్పొద్దు.

– అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. అప్పుడు పరిచేట్టయితే పలచగా వేయండి, నీళ్లు నిలిచే మడిలో అసలు వేయకండి.